తాళం వీధికి, తాళింపు వంటింటికి

మామూలు రోజుల్లో చెన్నైలోని మా పురసవాక్కం హైరోడ్డులో నేల కనిపించదు. బట్టల కొట్లు, పాత్రల కొట్లు, గాజుల బండ్లు. పండగ ముందు వారమైతే మనం నడవక్కర్లేదు, జనమే మోసుకుపోతారు. 2020 వేసవిలో కరోనా లాక్‌డౌన్‌తో ఆ రోడ్డు ఖాళీ అయింది. జనమంతా ఇళ్లలో దూరారు. ఇళ్లలోనూ అందరి చూపూ ఒకే గది మీద పడింది. పొద్దున లేస్తే ‘టిఫినేంటి?’, టిఫిన్ ప్లేటు చేతిలో ఉండగానే ‘మధ్యాహ్నం కూరేంటి?’, అన్నం ముందు కూర్చుని ‘సాయంత్రం వేడివేడిగా ఏమైనా...’. అడిగేవాళ్లు నలుగురు, జవాబు చెప్పాల్సిన మనిషి ఒక్కరు. ఆ రోజుల్లో వంటిళ్లలో పడ్డ చిక్కుముళ్లు, వాటి వెనకున్న సంగతులు కొన్ని ఇక్కడ పోగేశాం.

చేదు ముందే పంచారు

దేశమంతా లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25 సరిగ్గా ఉగాది. శార్వరి నామ సంవత్సరం గడపలోకి వచ్చేసరికి వీధి తలుపులన్నీ మూసి ఉన్నాయి. తమిళనాడులో ముందురోజు సాయంత్రం 6 గంటలకే 144వ సెక్షన్ పెట్టారు. రాత్రి 8 గంటలకి ప్రధాని టీవీలో 21 రోజుల కబురు చెప్పారు. దాంతో మామిడికాయ తెచ్చుకున్న ఇంట్లో కొత్త చింతపండు లేదు, బెల్లం ఉన్న ఇంట్లో మామిడికాయ లేదు. వేపచెట్టు వీధి చివరే పూత మీద ఉన్నా, దానిదాకా వెళ్లొచ్చా కూడదా అన్నది ధర్మసందేహం. “చేదు లేకుండా ఉగాది పచ్చడేమిట్రా?” అని పెద్దావిడ నిలదీస్తే, “నిన్న రాత్రి ఎనిమిదింటికి అందరం తిన్నాం కదమ్మా” అన్నాడట ఓ కొడుకు.

కంచాల కచేరీ

దానికి మూడు రోజుల ముందు, మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం 5 గంటలకి వైద్య సిబ్బందికి కృతజ్ఞతగా చప్పట్లు కొట్టమంటే, చాలామంది వంటింట్లో చేతికందింది పట్టుకుని బాల్కనీలోకి వచ్చేశారు. ఆ పూట తేలిన నిజం ఒకటుంది. పలచటి స్టీలు కంచం గరిటె దెబ్బకి ‘టక్’మని చాలిస్తుంది, సొట్ట మాత్రం శాశ్వతం. తాతమ్మల నాటి కంచు గిన్నె ఒక్క దెబ్బకే చాలాసేపు మోగుతుంది. కంచు అంటే రాగి, తగరం కలిపిన లోహం. గుడి గంటలు పోసేదీ దానితోనే. అటక మీద నిద్రపోతున్న కంచు సామాను చాలా ఇళ్లలో ఆ సాయంత్రమే కిందికి దిగింది. మళ్లీ ఎక్కించే ఓపిక ఎవరికీ లేకపోవడంతో వాడకంలోకి వచ్చింది.

మావు గారి నాలుగు జన్మలు

చెన్నై తెలుగువాళ్లు ఇడ్లీ పిండిని కూడా ఇరుగుపొరుగు తమిళుల్లాగే ‘మావు’ అంటారు. మూలమీద కొట్లో కవరు మావు కొనుక్కునే అలవాటు ఉన్నవాళ్లకి లాక్‌డౌన్‌లో గ్రైండర్ దుమ్ము దులపక తప్పలేదు. ఇంట్లో రుబ్బిన పిండికి ఒక జీవిత చరిత్ర ఉంది. మొదటి రోజు ఇడ్లీ, రెండో రోజు దోసె, మూడో రోజు ఉల్లిపాయలు చల్లిన ఊతప్పం, నాలుగో రోజు కాస్త మైదా కలిపి పునుగులు. అయిదో రోజు దాని పేరెత్తకూడదు.

పులిసే పని చేసేది ప్రధానంగా లూకోనోస్టాక్ మెసెంటిరాయిడిస్ అనే బాక్టీరియా. మినప్పప్పు, బియ్యంతోబాటే అది మనింటికి వస్తుంది. అది వదిలే కార్బన్ డయాక్సైడ్ బుడగలు జిగురైన మినప్పిండిలో చిక్కుకుని పిండి పొంగుతుంది. చలిదేశంలో ఉన్న మన పిల్లలు ఓవెన్లో దీపం వెలిగించి పిండిని బతిమాలుకుంటుంటే, మే నెల చెన్నైలో రాత్రి మూతపెట్టిన పిండి తెల్లారేసరికి గట్టు మీద నుంచి నేలకి ప్రయాణం కట్టి ఉంటుంది. మందు సులువే: గిన్నెలో సగానికి మించి పిండి పోయకండి, పొంగగానే ఫ్రిజ్‌లోకి తోసేయండి.

ఇడ్లీకీ ఒక దినోత్సవం

మార్చి 30 ప్రపంచ ఇడ్లీ దినోత్సవం. 2015లో దీన్ని మొదలుపెట్టింది చెన్నైలో ఇడ్లీల మీదే బతుకు కట్టుకున్న ఇనియవన్. 2020లో ఆ రోజు లాక్‌డౌన్ మొదటి వారంలోనే వచ్చింది. కేకులు లేవు, సభలు లేవు. కానీ నగరంలో అన్ని వంటిళ్లూ ఒకే పూట ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టిన రోజులవి. ఇంతకంటే ఘనంగా ఏ దినోత్సవమూ జరగదు.

యుద్ధం పెట్టిన టిఫిన్

బియ్యం దొరకక పుట్టిన ఇడ్లీ ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా జపాన్ చేతికి చిక్కడంతో అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. బెంగళూరులో 1924 నుంచి నడుస్తున్న ఎం.టి.ఆర్. హోటల్‌వాళ్లు బియ్యానికి బదులు గోధుమ రవ్వతో ఇడ్లీ వేసి చూశారు. అదే రవ్వ ఇడ్లీ. 1975లో ఎమర్జెన్సీ నాటి ధరల నియంత్రణకి తట్టుకోలేక అదే హోటల్ కొన్నాళ్లు మూతపడింది. పనివాళ్లని ఖాళీగా కూర్చోబెట్టలేక పొట్లాలు కట్టిన మిక్స్‌ల అమ్మకం మొదలెట్టారు. లాక్‌డౌన్‌లో ‘ఇవాళ్టికి ప్యాకెట్ చింపేద్దాం’ అనుకున్నవాళ్లంతా ఒక పాత సంక్షోభానికి రుణపడ్డవాళ్లే.

సోమవారం రాత్రి పస్తు

1965లో ఆహార కొరత, పాకిస్తాన్‌తో యుద్ధం కలిసొచ్చినప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికొక పూట భోజనం మానమని దేశాన్ని కోరారు. సోమవారం సాయంత్రాలు హోటళ్లు కూడా మూసేసేవారు. అప్పుడు తిండి తగ్గించమన్నారు, తలుపులు తెరిచే ఉన్నాయి. 2020లో తలుపులు మూయమన్నారు, తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. అద్దంలో తేడా తెలిసింది.

గిలక్కొట్టు, గిలక్కొట్టు

ఏప్రిల్‌లో ఫోన్ తెరిస్తే దల్గోనా కాఫీయే. దక్షిణ కొరియా నటుడు జంగ్ ఇల్-వూ 2020 జనవరిలో ఒక టీవీ వంటల కార్యక్రమంలో మకావులో రుచి చూసిన కాఫీని చూపించాడు. దాని రుచి అతనికి తమ దేశపు దల్గోనా మిఠాయిని గుర్తు చేసిందట. ఇన్‌స్టంట్ కాఫీపొడి, పంచదార, వేడినీళ్లు సమపాళ్లలో కలిపి నురగ గట్టిపడేదాకా గిలక్కొట్టి, చల్లటి పాల మీద తేల్చాలి. అంతే.

చెన్నై ఇళ్లలో వచ్చిన చిక్కేమిటంటే, ఇక్కడ చాలామందికి ఇన్‌స్టంట్ పొడి అంటే చిన్నచూపు. ఫిల్టర్ డికాక్షన్‌తోనే ప్రయత్నించి, గంటసేపు చెయ్యి నొప్పెట్టేలా తిప్పి, చివరికి తీపి డికాక్షన్ తాగినవాళ్లున్నారు. డికాక్షన్‌లో నీళ్లు ఎక్కువ, కరిగిన కాఫీ సారం తక్కువ, అందుకే నురగ నిలవదు. ఇన్‌స్టంట్ పొడి అంతా ఎండబెట్టిన సారమే. కొద్ది నీళ్లలో చిక్కగా కలిసి గాలి బుడగల్ని పట్టి ఉంచుతుంది. చూస్తూ కూర్చున్న అమ్మమ్మ తీర్పు: “ఇంత కష్టపడి చల్లారిన కాఫీ తాగడం దేనికే?”

గూగుల్‌ని అడిగిన ప్రశ్నలు

‘ఎలా’ అంటూ 2020లో భారతీయులు గూగుల్‌లో వెతికినవాటి పట్టికలో మొదటిది పనీర్ తయారీ. రెండోది రోగనిరోధక శక్తి పెంచుకోవడం. మూడు దల్గోనా కాఫీ, నాలుగు పాన్ కార్డుకి ఆధార్ జతచేయడం, అయిదు ఇంట్లో శానిటైజర్ తయారీ. ఆరోగ్యం కంటే పనీర్ ముందుందని దెప్పనక్కర్లేదు. పాలు విరిగిపోవడం ఏ ఇంట్లోనైనా జరిగేదే. ‘విరిగాయి’ అని ఒప్పుకునే బదులు ‘పనీర్ చేస్తున్నా’ అనడం ఆ ఏడాది నేర్చుకున్న మర్యాద.

పాలరైలు బయల్దేరింది

పాలంటే గుర్తొచ్చింది. లాక్‌డౌన్ రెండో రోజునే, మార్చి 26న, చెన్నైకి మూడు గంటల దూరంలోని రేణిగుంట నుంచి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కి ‘దూద్ దురంతో’ ప్రత్యేక రైలు మొదలైంది. ఒక్కో ట్యాంకర్లో 40,000 లీటర్లు, రైలుకి ఆరు ట్యాంకర్లు, మొత్తం 2.4 లక్షల లీటర్లు. చిత్తూరు జిల్లా పాలు ఢిల్లీ టీలో కలుస్తుంటే, మా వీధుల్లో టీ కొట్లు మూసి ఉన్నాయి. రోజుకి అయిదారుసార్లు కొట్టు ముందు నిలబడి టీ తాగే మగమహారాజులకి ఇంట్లో అన్నిసార్లు టీ అడిగితే ఏమవుతుందో అప్పుడే తెలిసింది. చాలామందికి టీ పెట్టడం వచ్చేసింది.

కోడి ఎక్కిన వేదిక

2020 ఫిబ్రవరిలో కోడిమాంసంతో కరోనా వస్తుందన్న పుకారు పుట్టి ధరలు కుప్పకూలాయి. దాన్ని తుడిచేయడానికి ఆ నెలాఖరున హైదరాబాద్‌లో అప్పటి తెలంగాణ మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ వేదిక మీదే చికెన్ ముక్కలు నమిలి చూపించారు. చవగ్గా ఉన్నన్నాళ్లూ భయపడి కొనని జనం, లాక్‌డౌన్‌లో ధర పెరిగాక ఆదివారం తెల్లవారకముందే సంచీ పట్టుకుని వరసలో నిలబడ్డారు. ధైర్యానికీ ధరకీ మన దగ్గర ఎప్పుడూ వియ్యం కుదరదు.

కొసరు కరివేపాకు కరువు

చెన్నై కూరగాయలకి పుట్టిల్లు కోయంబేడు మార్కెట్. 1996లో తెరిచారు, 295 ఎకరాల ఆవరణ. 2020 ఏప్రిల్ 26 నుంచి 29 దాకా నగరమంతా పూర్తిగా మూసేస్తామని ప్రభుత్వం చెప్పగానే, 25వ తేదీ శనివారం నగరమంతా సంచులతో రోడ్డెక్కింది. నాలుగు రోజులకి నాలుగు నెలల కూరలు కొన్నారు. ఆ తర్వాత కోయంబేడులో కరోనా కేసులు పెరిగి మే 5న మార్కెట్‌నే మూసేశారు. టోకు వ్యాపారాన్ని ఊరి బయట తిరుమళిసైకి తరలించారు.

ఇంటి ముందుకి వచ్చే బండి మీద ధరలు పెరగడం ఒక బాధయితే, అసలు దెబ్బ వేరే తగిలింది. కొసరుగా చేతిలో పెట్టే కరివేపాకు, కొత్తిమీర ఆగిపోయాయి. “అణ్ణా, రెండు రెబ్బలు కరివేపాకు...” అని అలవాటుగా చెయ్యి చాపితే, ఆయన లెక్క చెప్పాడు. ఉచితంగా వచ్చిందానికి ధర కట్టిన రోజే దాన్ని కంచం అంచుకి నెట్టడం మానేశారు పిల్లలు.

సబ్బు నురగలో సొరకాయ

తెచ్చిన కూరల్ని ఏం చెయ్యాలి? ఆ ప్రశ్నకి ఇంటికో శాస్త్రం ఉండేది. ఒకరు ఉప్పునీళ్లు, ఒకరు పసుపు నీళ్లు, ఒకరు వంటసోడా, మరొకరు ఏకంగా గిన్నెలు తోమే సబ్బు. సబ్బుతో తోమిన బెండకాయ వేయించాక ఎలా ఉంటుందో రుచి చూసినవాళ్లు ఇప్పటికీ మాట్లాడరు. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ చెప్పింది మాత్రం ఇంత: కూరలు, పళ్లని మంచినీళ్లతో శుభ్రంగా కడిగితే చాలు. కావాలంటే 50 పీపీఎం క్లోరిన్ కలిపిన నీళ్లలో ముంచి తర్వాత కడుక్కోవచ్చు. సబ్బులు, క్రిమిసంహారకాలు తినే వస్తువుల మీద వాడకూడదు. సొరకాయకి స్నానం చాలు, తలంటు అక్కర్లేదు.

బండకి పదిహేను రోజుల వ్రతం

లాక్‌డౌన్ రాగానే గ్యాస్ అయిపోతుందేమోనన్న కంగారులో జనం ఎగబడి బుకింగులు చేశారు. దాంతో ఇండియన్ ఆయిల్ ఒక సిలిండర్‌కీ మరో సిలిండర్‌కీ కనీసం 15 రోజుల గడువు పెట్టింది. ఒక బండలో ఉండే గ్యాస్ 14.2 కిలోలు. అది అయిదు పూటల వంటకి ఎన్నాళ్లొస్తుందో ఇంటాయన కాగితం మీద లెక్కవేస్తుంటే, ఇంటావిడ ఆ లెక్కలో ఆయన టీలు ఎన్నో పక్కనే రాసి ఇచ్చింది.

పొదుపు కిటుకు కుక్కర్లోనే ఉంది. ఒత్తిడి పెరిగినప్పుడు నీళ్లు 100 డిగ్రీలకి బదులు దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించండి. మంట పెంచితే విజిల్స్ ఎక్కువవుతాయి, ఉడకడం ఎక్కువవదు.

టెంక పగలని ఆవకాయ

తెలుగు వంటింటికి ఏప్రిల్, మే నెలలు ఆవకాయ పరీక్షాకాలం. ఆ ఏడాది బజార్లో కత్తిపీట పెట్టుకుని టెంకతో సహా టకటకా కాయలు కొట్టిచ్చే మనిషి లేడు. గుంటూరు మిర్చి యార్డు కూడా కొన్ని వారాలు మూతపడింది. ఇంట్లో కూరల కత్తితో టెంక కొట్టబోతే కత్తి వంగింది గాని కాయ వంగలేదు. టెంక లేకుండా ఆవకాయ పడితే ముక్క మెత్తబడిపోతుందని అత్తగారి భయం. అలాంటి ఇళ్లు తెలివిగా దారి మార్చాయి. చెక్కులు తీసి ఎండబెట్టే మాగాయ, కోరి కలిపే తురుము పచ్చడి పట్టాయి. వాటికి టెంకతో పనే లేదు.

ఆవకాయ ఏడాదంతా ఎందుకు నిలవుంటుంది? ఆవపిండి తడి తగలగానే అల్లైల్ ఐసోథయోసైనేట్ అనే ఘాటైన పదార్థం పుడుతుంది. ముక్కుకి తగిలే ఆ ఘాటే సూక్ష్మజీవులకి శత్రువు. ఉప్పు నీటిని లాగేస్తుంది, పులుపు బాక్టీరియాని ఎదగనివ్వదు, పైన తేలే నువ్వుల నూనె గాలిని ఆపుతుంది. ఈ నాలుగు కాపలాలనీ ఓడించగలిగేది ఒక్కటే, తడి గరిటె. ఇంటిల్లిపాదీ రోజంతా ఇంట్లో ఉన్న ఆ ఏడాది జాడీకి అసలు గండం అదే. అమెరికా పిల్లలకి పొట్లాలు కట్టే ఇళ్లలో మరో చిక్కు. మార్చి నాలుగో వారంలోనే విదేశీ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. పిల్లల వాటా కూడా ఇక్కడే ఖర్చయింది.

మొట్టమాడి మీద సగ్గుబియ్యం

పాత పురసవాక్కం ఇళ్లకి ఉన్న ఐశ్వర్యం మొట్టమాడి, అంటే మిద్దె పైభాగం. లాక్‌డౌన్‌లో అది వ్యాయామశాల, ఫోన్ బూత్, వడియాల కార్ఖానా. బడిలేని పిల్లలకి కాకుల కాపలా ఉద్యోగం దొరికింది. పచ్చి వడియాల పిండి రుచి కాకులకంటే కాపలాదారులకే ఎక్కువ తెలిసింది.

ఆ వడియాలకి వాడే సగ్గుబియ్యం కర్రపెండలం దుంపల పిండితో చేస్తారు. తమిళనాడులో దానికి పెట్టింది పేరు సేలం. రెండో ప్రపంచ యుద్ధంలో మలయా నుంచి దిగుమతి ఆగిపోవడంతోనే అక్కడ ఈ పరిశ్రమ వేళ్లూనుకుంది. రవ్వ ఇడ్లీకి పురుడు పోసిన కొరతే సగ్గుబియ్యానికీ పోసిందన్నమాట.

చారు ఔషధమా, భోజనమా?

ఏప్రిల్ 2న శ్రీరామనవమి. పానకంలో పడే మిరియాలు, శొంఠి, ఏలకులు అప్పటికే రోజూ కషాయంలో పడుతున్నాయి. తమిళనాడులో 15 దినుసుల సిద్ధ కషాయం ‘కబసుర కుడినీర్’ ఇంటింటికీ వచ్చింది. అది తాగేటప్పుడు పిల్లలు పెట్టిన ముఖాలకి ఉగాది చేదు బాకీ తీరిపోయింది. ఇళ్లలో మిరియాల చారుకి మంత్రి హోదా దక్కింది. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ అపోహల పట్టికలో మిరియాల సంగతి ప్రత్యేకంగా చేర్చింది: సూప్‌లో మిరియాలు వేసుకుంటే కోవిడ్ రాకుండా ఆగదు, వచ్చింది తగ్గదు. చారు మాత్రం అన్నంలోకి దివ్యంగా ఉంటుంది. ఆ విషయంలో ఏ సంస్థా అడ్డు చెప్పలేదు.

ఇంగువ పరీక్ష

వాసన, రుచి తెలియకపోవడాన్ని 2020 జూన్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ కోవిడ్ లక్షణాల్లో చేర్చింది. ఆ రోజు నుంచి పోపు డబ్బా పరీక్షా కేంద్రమైంది. పొద్దున్నే లేచి ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూసుకుని, ‘హమ్మయ్య’ అనుకుని మంచం దిగినవాళ్లున్నారు.

మన చారు, పులిహోర ఇంగువ లేనిదే నడవవు. కానీ ఆ ఇంగువ మొక్క మన దేశంలో పంటగా ఉండేది కాదు. ఏటా దాదాపు 1,200 టన్నుల ముడి ఇంగువని అఫ్గానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌ల నుంచి సుమారు 600 కోట్ల రూపాయలిచ్చి తెచ్చుకునేవాళ్లం. పాలంపూర్‌లోని హిమాలయ జీవవనరుల పరిశోధన సంస్థ ఇరాన్ విత్తనాలతో మొక్కలు పెంచి, 2020 అక్టోబర్ 15న హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో, క్వారింగ్ గ్రామంలో తొలి మొక్క నాటింది. వేరు నుంచి ఇంగువ పాలు కారడానికి అయిదేళ్లు పడుతుంది. దేశం వాసన కోల్పోయిన ఏడాదే ఇంగువ మొక్క మన మట్టిలో నిలబడింది.

గిన్నెల కొండ, మోదుగాకు

పనిమనిషిని రావొద్దన్నాక సింకులో గిన్నెల కొండ పెరిగింది. ‘ఇవాళ ఎవరి వంతు?’ అన్న ప్రశ్న మీద పడ్డన్ని గొడవలు ఆస్తి పంపకాల్లోనూ పడవు. అప్పుడు అందరికీ విస్తరి గుర్తొచ్చింది. పురసవాక్కం గంగాధరేశ్వరస్వామి ఆలయంలో స్థలవృక్షం పురసు, మన తెలుగునాట మోదుగ. దాని ఆకులు మూడు, నాలుగు కలిపి ఈనె పుల్లలతో కుట్టినవే మన పల్లెటూరి విస్తళ్లు. చెట్టు ఇక్కడే ఉంది, కుట్టే విద్య మాత్రం అమ్మమ్మతో పోయింది. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, ఎవరి కంచం, ఎవరి గ్లాసు వాళ్లే కడుక్కోవాలి. ఈ ఒక్క సూత్రంతో సగం కొండ కరిగింది.

పెసరట్టు తిప్పిన చిరంజీవి

2020 ఏప్రిల్‌లో దర్శకుడు సందీప్ రెడ్డి వంగా ‘బి ద రియల్ మ్యాన్’ అంటూ మగవాళ్లకి ఇంటిపని సవాలు విసిరారు. రాజమౌళి ఇల్లు తుడిచి చూపించి, సవాలు జూనియర్ ఎన్టీఆర్‌కి, మిగతా మిత్రులకి పంపారు. ఎన్టీఆర్ దాన్ని చిరంజీవి దాకా చేర్చారు. ఆయన వాక్యూమ్ క్లీనర్‌తో ఇల్లు శుభ్రం చేసి, పెసరట్టు వేసి వాళ్లమ్మ అంజనాదేవికి తినిపించారు. ఎంచుకున్న వంటకంలోనే తెలివంతా ఉంది. పెసరట్టు పిండి పులియక్కర్లేదు. నానబెట్టి రుబ్బితే వెంటనే పెనం మీదికి వెళుతుంది. కొత్తగా గరిటె పట్టినవాళ్లకి ఇంతకంటే దయగల టిఫిన్ లేదు. ఆ వీడియో చూపించి “చూశారా, ఆయనే చేస్తున్నారు” అని ఇంటావిడ అంటే, ఇక ఏ అభిమానికీ తప్పించుకునే దారి లేకపోయింది.

లోకంలో ఇంకా ఏమయింది?

ఇటలీలో 2020 ఫిబ్రవరి కంగారులో జనం దుకాణాల్లో పాస్తా అంతా ఊడ్చుకుపోయినా, నున్నటి ‘పెన్నె లిశ్శె’ రకం మాత్రం అరల్లో మిగిలిపోయింది. ప్రళయమొచ్చినా నచ్చనిది తినమని ఇటాలియన్లు తేల్చేశారు. మనింట్లో కాకరకాయ ముందు పిల్లలు చేసేదీ అదే.

ఇంగ్లండ్‌లో అందరూ రొట్టెలు కాల్చడం మొదలెట్టి గోధుమపిండి కరువొచ్చింది. నిజానికి మిల్లుల్లో పిండికి లోటు లేదు. అక్కడ అమ్ముడయ్యే పిండిలో ఇళ్లకి చిన్న సంచుల్లో వెళ్లేది 4 శాతమే, మిగతాదంతా బేకరీలకి, ఫ్యాక్టరీలకి పోతుంది. ఉన్న పిండిని చిన్న సంచుల్లోకి ఎక్కించడం దగ్గర చిక్కొచ్చింది.

బెల్జియంలో హోటళ్లు మూతపడి దాదాపు 7.5 లక్షల టన్నుల బంగాళదుంపలు మిగిలిపోతే, వారానికి రెండుసార్లు వేపుళ్లు తినమని అక్కడి దుంపల వ్యాపార సంఘం ప్రజల్ని వేడుకుంది. ఇలాంటి విన్నపం మా వీధికి రాలేదు. వచ్చి ఉంటే ఒక్క పూటలో తీర్చేవాళ్లం.

అయిదు రూపాయల బిస్కెట్, రూపాయి ఇడ్లీ

లాక్‌డౌన్ నెలల్లో పార్లే-జి తన ఎనభై ఏళ్ల చరిత్రలో ఎన్నడూ లేనంతగా అమ్ముడైందని ఆ కంపెనీయే చెప్పింది. నడిచి సొంతూళ్లకి వెళ్లేవాళ్ల సంచుల్లోనూ, వాళ్లకి పంచిన పొట్లాల్లోనూ ఉన్నది అదే. ఇంకో పక్క, స్విగ్గీ లెక్కల్లో ఆ నెలల్లో చికెన్ బిర్యానీ 5.5 లక్షల సార్లు ఇళ్లకి చేరి మొదటి స్థానంలో నిలిచింది.

చెన్నైలో ఈ రెంటికీ మధ్య మరొకటి ఉంది. 2013లో జయలలిత ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైన అమ్మ ఉణవగం, అంటే సర్కారు వారి చవక క్యాంటీన్లు. ఇడ్లీ రూపాయి, సాంబారన్నం 5, పెరుగన్నం 3 రూపాయలు. హోటళ్లలో కూర్చుని తినడం ఆగిపోయినా ఇవి తెరిచే ఉన్నాయి, కొన్ని వారాలు ఉచితంగానే పెట్టాయి. వంటిల్లే లేని మాన్షన్ అద్దె గదుల్లోని బ్రహ్మచారులకి, రోజుకూలీలకి ‘ఇవాళ ఏం వండాలి’ అన్న చిక్కే లేదు, ‘ఇవాళ తింటామా’ అన్నదే. మన చిక్కుల మీద మనం నవ్వుకోగలిగామంటే, డబ్బాలో బియ్యం ఉండబట్టే.

చివరగా ఒక మాట

యుద్ధం బియ్యాన్ని ఆపితే రవ్వ ఇడ్లీ వచ్చింది, దిగుమతి ఆగితే సేలం సగ్గుబియ్యం వచ్చింది, హోటల్ మూతపడితే పొట్లాల పిండి వచ్చింది. 2020లో చాలా మధ్యతరగతి ఇళ్లకి సరుకులు ఏదో రకంగా దొరికాయి. కొరత వచ్చింది చేతులకి. నలుగురు తినే ఇంట్లో వండే చేతులు రెండే ఉన్నాయన్న సంగతి అన్నాళ్లు ఇంట్లో కూర్చుంటేగాని మనకి కనబడలేదు. లాక్‌డౌన్ మళ్లీ రాకూడదు, అప్పుడు వంటపని పంచుకున్న అలవాటు మాత్రం పోకూడదు. వారానికి ఒక్క పూటైనా ఇంట్లో మరొకరు గరిటె పట్టండి. ఇంకా మొదలుపెట్టనివాళ్లు ఈ రాత్రే ఒక గ్లాసు పెసలు, గుప్పెడు బియ్యం నానబోయండి. పొద్దున అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బుకోండి. మొదటి అట్టు పెనానికి అంటుకుంటుంది, కంగారుపడకండి. రెండోది బాగా వస్తుంది.